సర్వి కొమ్మ మీద జరీ

మూడేళ్ళ కిందట డిసెంబరులో మా ఇంట్లో ఒక పెద్ద చర్చ జరిగింది. క్రిస్మస్ చెట్టు నుంచి పిల్లిని కాపాడడం ఎలా అని. చర్చ అంటే అక్క మాట్లాడింది, మిగతా వాళ్ళం టీ తాగాం. ఫోన్‌లో ఏదో చదివి వచ్చి, చెట్టు ఉన్న ఇంట్లో పిల్లి చావడానికి ఎన్ని దారులున్నాయో వేళ్ళ మీద చెప్పుకుంటూ పోయింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. కాలి వేళ్ళు కూడా ఉన్నాయి కదా అని నేను గుర్తు చేశాను. ఇంట్లో నా ఉద్యోగం అప్పట్లో అదే. ఎవరు ఏది గంభీరంగా మొదలుపెట్టినా దాని గాలి తీసెయ్యడం. బయట ఉద్యోగం హిందూపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో.

పిల్లి ఆ ఏడు వానాకాలంలో నాయన స్కూటర్ కింద దొరికింది. పసుపు చారల గండుపిల్లి. వాడికి పేరు పెట్టలేదు. మా వీధిలో నిలబడి "ఏమప్పా" అని పిలిస్తే ముగ్గురు మగవాళ్ళు తల తిప్పుతారు. నాలుగో తల వాడిది. అంతకంటే పేరెందుకు?

చెట్టు మాత్రం నిజమైన చెట్టే ఉండాలని నాయన పట్టుదల. మా వైపు నిజమైన క్రిస్మస్ చెట్టంటే సరుగుడు. సర్వి అంటాం. పెనుకొండ బయట నాయన స్నేహితుడి తోటలో నాలుగు వరసల సర్వి చెట్లున్నాయి. ఏటా అక్కడికి పోయి ఒకటి కొట్టించి, సామాన్ల ఆటోలో పడుకోబెట్టి తెస్తాడు. ఏటా మా వాకిలి కంటే ఎత్తుది తెస్తాడు. ఏటా గుమ్మం దగ్గర నిలబడి ఆశ్చర్యపోతాడు. తర్వాత దాని తలకాయ నరికి లోపలికి తెస్తాం. సగం వీధికి ఆ తలకాయలతోనే పండగ జరుగుతుంది.

అక్క బందోబస్తు తాడుతో మొదలైంది. పిల్లి ఎక్కితే చెట్టు వాడి మీదే కూలుతుందని నడుముకు నైలాన్ తాడు కట్టి కిటికీ ఊచలకు బిగించింది. మేము చెట్టును నిలబెట్టేది ఇసుక నింపిన బకెట్‌లో. ఇసుక బకెట్ తెచ్చి పిల్లి ముందు పెట్టడమంటే కార్డు ఇచ్చి, బొట్టు పెట్టి పిలవడమే. మొదటి రోజే వాడొచ్చి చూసుకొని, వాడుకొని, కప్పెట్టి వెళ్ళాడు. అక్క ఇసుక మీద కంకర పరిచి, పైన గోనెసంచి చుట్టి, చుట్టూ కమలాపండు తొక్కలు పేర్చింది. ఆ వాసన పిల్లులకు పడదట. మా వాడు తొక్కల మధ్య వెల్లకిలా పడుకున్నాడు. గాజు బంతులు పై కొమ్మలకు మాత్రమే. సీరియల్ లైట్ల వైరు కొరక్కుండా పాత సైకిల్ ట్యూబులో దూర్చింది. గదిలో మనిషి లేకపోతే స్విచ్ ఆపేయాలి.

పోలింగ్ బూతుకు కూడా ఇంత కాపలా ఉండదన్నాను. వాడి వేలికి ఇంకు కూడా పెట్టమన్నాను.

"నవ్వుకో. వానికేమన్నా అయితే అప్పుడు చూస్తా నీ నవ్వు" అంది అక్క.

ఆ వారంలోనే ధర్మవరం నుంచి అవ్వ వచ్చింది. ఇది మా ఇంట్లో చిన్న సంగతి కాదు. అవ్వ మా అమ్మకు తల్లి. వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. అమ్మ వెళ్ళి చర్చికి పోయే మా నాయనను పెళ్ళి చేసుకుంది. అవ్వ మా గడప తొక్కలేదు. మొదట్లో అది కోపం, తర్వాత అలవాటు. పెళ్ళిళ్ళలో కలుస్తారు, ఫోన్‌లో మాట్లాడుకుంటారు. చీరలకు ఫాల్ కుట్టమని అవ్వ వాళ్ళ వీధిలోంచి మూటలు కూడా వస్తాయి. చీరలు వచ్చేవి, మనిషి రాదు. ఆ ఏడు మోకాళ్ళ నొప్పులకు కొన్నాళ్ళు మగ్గం గుంటలో దిగొద్దన్నారట డాక్టర్లు. చేతులు ఊరికే ఉండేసరికి ఆమెకు ఏం తోచలేదు. అమ్మ పండక్కి రమ్మని ఫోన్‌లో అడిగితే, ఎప్పటిలాగే చూద్దాంలే అనకుండా, ఏ బస్సు ఎక్కాలని అడిగింది. అమ్మ ఫోన్ పెట్టేసి కాసేపు కుట్టుమిషన్ ముందు కుట్టకుండా కూర్చుంది.

వచ్చిందే గానీ అవ్వకు మా ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. కుర్చీ అంచున కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకొని, బస్టాండులో ఉన్నట్టు. తన సీసాలో నీళ్ళే తాగింది. నాయనతో మాట్లాడాల్సి వస్తే అమ్మ వైపు చూసి మాట్లాడేది. నాయన జవాబు కూడా అమ్మకే చెప్పేవాడు. మధ్యలో అమ్మ రెండు వైపులా తల ఊపేది.

దీన్ని తెంచింది పిల్లి. రెండో రోజు పొద్దున వాడు నడుచుకుంటూ వచ్చి, అవ్వ ఒళ్ళోని సంచిని వాసన చూసి, తలతో నెట్టి కిందికి తోసి, ఆ జాగాలో పడుకున్నాడు. అవ్వ చేతులు రెండూ పైకెత్తింది, ఎవరో తుపాకీ చూపినట్టు. కొంచెంసేపటికి ఒక చెయ్యి దించింది. తర్వాత రెండోది. మధ్యాహ్నానికి వాడితో మాట్లాడుతోంది. వాడి గడ్డం కింద గోకుతూ, మీ ఇంట్లో వాళ్ళు నిన్ను సరిగ్గా చూస్తాండారా అని అడిగింది. ఆ "మీ ఇంట్లో వాళ్ళు"లో నాయన కూడా ఉన్నాడు. నాయన పక్క గదిలోంచి, బాగా చూస్తాండామని, అమ్మతో కాకుండా నేరుగా చెప్పాడు. అట్లా మొదలైంది.

ఆ సాయంత్రం అవ్వ సంచిలోంచి బిస్కెట్ డబ్బా తీసింది. అందులో జరీ ఉంది. చీర అయిపోయాక కండె మీద బెత్తెడో మూరెడో పోగు మిగులుతుంది. దేనికీ పనికిరాదు, కానీ నేసేవాళ్ళు పారెయ్యరు. అవ్వ ఎన్నేళ్ళుగా దాచిందో, డబ్బా నిండా బంగారు రంగు పోగులు, పిచ్చుక గూడులాగా. చెట్టు చూసి, ఈ రంగు కాగితాలు ఏం బాగుండాయి, ఇవి కట్టండి అంది.

మేం కట్టలేదు, ఆమే కట్టింది. సర్వి ఆకు సన్నగా దారంలాగే ఉంటుంది కదా. ఆమె ఒక్కొక్క పోగునూ కొమ్మ మీద వేలాడేసి, దాని కొస సరిచేసి, వెనక్కి జరిగి చూసి మళ్ళీ సరిచేసింది. గంటన్నర పట్టింది. లైట్లు వేస్తే చెట్టు మొత్తం పెళ్ళికూతురిలా ఉంది. చర్చి వాళ్ళంతా వచ్చి చూసి, అట్లాంటి చెట్టు హిందూపురంలో ఇంకెక్కడా లేదన్నారు. నాయన ఫోటో తీసి పెనుకొండ స్నేహితుడికి పంపాడు. ఇది మా అత్త చేసింది అని కింద రాశాడు. ఆ మాట ఆయన రాయడం అదే మొదటిసారి.

అక్కకు మాత్రం ముఖం మారింది. నన్నూ అమ్మనూ వంటింట్లోకి పిలిచింది. తన లిస్టులో దారం కూడా ఉంది, పిల్లి మింగితే పేగులకు చుట్టుకుంటుందట, ఆ జరీ తీసెయ్యాలి అంది. అమ్మ ఆమెను చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇన్నేళ్ళకు తన తల్లి ఈ ఇంట్లో ఒక వస్తువును చేత్తో ముట్టి అలంకరించింది. దాన్ని ఎవరు విప్పుతారు? ఏమని చెప్పి విప్పుతారు? అక్క నా వైపు చూసింది. నేను ఒక్క మాటతో ఆమె పక్కన నిలబడి ఉంటే అవ్వకు మెల్లగా చెప్పేవాళ్ళమేమో.

నేనన్నాను: "పట్టుచీర ఇప్పించమని అడుగుతాడేమో గానీ, జరీ తినడులే."

అమ్మ నవ్వింది. నవ్వడానికి ఏదో ఒకటి కావాలి ఆమెకు, నేనిచ్చాను. ఆ నవ్వుతో చర్చ ముగిసింది. అక్క మరుసటి రోజు ఎవరూ చూడకుండా కింది కొమ్మల పోగులన్నీ తీసి పై కొమ్మల మీద వేసింది. అది చాలదని ఆమెకూ తెలియదు. సర్వి కొమ్మ నున్నగా ఉంటుంది. ఫ్యాన్ గాలికి పోగు ఒక్కొక్కటే జారి కింద పడుతుంది. పిల్లి చెట్టెక్కాల్సిన పని కూడా లేదు. తాడు, కంకర, గోనెసంచి, తొక్కలు, సైకిల్ ట్యూబు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. వాడు కమలా తొక్కల మధ్య వెల్లకిలా పడుకొని, పైనుంచి పడేదాని కోసం నోరు తెరిస్తే చాలు.

పండగ రోజు పొద్దున అందరూ చర్చికి తయారవుతున్నారు. నేను పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. పిల్లి గోడ పక్కన కూర్చొని పని ముగించుకొని లేచింది. వెనకాల తోక కింద వేలెడు జరీ వేలాడుతోంది. ఎండలో మెరిసింది. నాకు నవ్వొచ్చింది. ఇంటిల్లిపాదిలో పండక్కి జరీ అంచు కట్టింది వీడొక్కడే అనుకున్నాను. ఆ మాట లోపలికెళ్ళి చెప్పాలనుకున్నాను కూడా. కానీ చెబితే అక్క చూస్తుంది. చూస్తే నేను చెప్పింది తప్పని తేలుతుంది. చర్చి మానేసి నాటకం మొదలవుతుంది. అందుకని వాణ్ణి కాళ్ళ మధ్య పట్టుకొని పోగు లాగాను.

నా పని విప్పడం. ఫోన్ లోపల ఏది ఇరుక్కున్నా బయటికి తీయగలననే నమ్మకం నాది. బెత్తెడు వచ్చింది. తర్వాత బిగిసింది. ఇంకొంచెం లాగాను. వాడు అరిచిన అరుపు పిల్లి అరుపులా లేదు. వదిలేసి, అమ్మ మిషన్ మీది కత్తెర తెచ్చి, బయటికి కనిపించినంతా కోసేశాను. కోసిన ముక్క గోడ మూలన పారేశాను. వాడు వెళ్ళి బకెట్ వెనక కూర్చున్నాడు. నేను కొత్త చొక్కా వేసుకొని చర్చికి వెళ్ళాను. అక్కడ వెనక వరసలో కూర్చొని పక్కవాణ్ణి నవ్వించాను కూడా.

మధ్యాహ్నం కోడి కూర వండారు. వాడు రాలేదు. మా ఇంట్లో కోడి వండితే చుట్టాల కంటే ముందు వచ్చేది వాడు. సాయంత్రం రెండుసార్లు కక్కాడు. పండగ తిండి అరగలేదన్నాను, వాడు ఏమీ తినలేదని తెలిసి కూడా. మరుసటి రోజు పొద్దున వీపు విల్లులా వంచుకొని కూర్చున్నాడు. కళ్ళు మూసుకోవడం లేదు, తెరవడం లేదు. అవ్వ వాణ్ణి ఒళ్ళోకి తీసుకొని నోరు తెరిచి చూసింది. నాలుక కింద సన్నని బంగారు గీత. పోగు నాలుకకు చుట్టుకొని లోపలికి దిగింది.

అక్క తీయమంది. అవ్వ చూపుడు వేలు పోగుకు ఆనించి, మగ్గం మీద పడుగును చూసినట్టు, తాకీ తాకకుండా చూసింది. తర్వాత చెయ్యి తీసేసింది.

"బిగువుగా ఉండాది. ఇప్పుడు లాగితే తెగేది పోగు కాదు" అంది.

నేను పెరటి గోడ వైపు చూశాను.

తెలిసిన పశువుల డాక్టరు పండక్కి ఊరెళ్ళాడు. పెనుకొండలో ఉద్యోగం చేసి దిగిపోయిన ఒక పెద్ద డాక్టరు ఉన్నాడని నాయన స్నేహితుడు ఫోన్‌లో చెప్పాడు. నాయనకు ఫ్యాక్టరీలో షిఫ్టు. నేను, అక్క, అవ్వ బస్సెక్కాం. కూరగాయల బుట్టలో పాత తువ్వాలు పరిచి వాణ్ణి పడుకోబెట్టి పైన అమ్మ చున్నీ కట్టాం. కోడికైతే టికెట్టు కొడతాను, పిల్లి సంగతి నాకు తెలియదన్నాడు కండక్టరు. మామూలుగా అయితే ఆ మాట మీద నేను పెనుకొండ దాకా బతికేవాణ్ణి. ఆ రోజు ఏమీ తోచలేదు. అక్క నా వైపు అనుమానంగా చూసింది. నేను మాట్లాడకపోవడం ఆమెకు పిల్లి కంటే ఎక్కువ భయం పుట్టించినట్టుంది.

ఆ పెద్ద డాక్టరు లుంగీ మీద బయటికొచ్చాడు. బర్రెలకు పురుళ్ళు పోసిన చేతులు, వాడి పొట్టను మాత్రం గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వేళ్ళతో కాసేపు తడిమి, లంగాలో బొందు లాగితే గుడ్డ కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుంటుంది కదా, లోపల పేగు అట్లా ముడుచుకుందని చెప్పాడు. ఒక చోట కోసుకుపోయి ఉండొచ్చు, అందుకే పొట్ట గట్టిగా ఉందన్నాడు. పొట్ట తెరవాలి, తన దగ్గర కాదు, బెంగళూరు పోవాలి, ఈ పూటే పోవాలి అన్నాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి మా ముగ్గురినీ చూశాడు.

"ఎవరన్నా పోగు పట్టి లాగినారా?"

వీధిలో బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. గోడ మీద క్యాలెండర్ ఉంది. నేను దాంట్లో సెలవులు చూస్తున్నాను.

"నేను లాగితి సార్" అంది అవ్వ. "తెలీక లాగితి."

నేను అవ్వ వైపు తిరిగాను. ఆమె నన్ను చూడలేదు. చున్నీ ముడి సరిచేస్తోంది. అప్పుడు నోరు తెరవడానికి నాకు ఎంతసేపు దొరికిందో బాగా గుర్తుంది. డాక్టరు చీటీ రాసి ఇచ్చేంతసేపు. మా వీధిలో నా నోటికి తాళం లేదంటారు. ఆ రోజు పడింది.

బెంగళూరు బస్సు కోసం స్టాండులో నిలబడ్డాం. బస్సు వచ్చేలోపే అయిపోయింది. అవ్వ ఒళ్ళో బుట్ట ఉంది. వాడు ఒకసారి కాళ్ళు చాపాడు, మామూలుగా ఎండలో చాపినట్టే. ఇంక మడవలేదు. ఆమె చెయ్యి చున్నీ కింద చాలాసేపు అట్లాగే ఉంది. అక్క ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

"ఇన్నేండ్లూ రాలేదు కదవ్వా" అంది, మెల్లగానే. "ఈ యేడు కూడా రాకపోయింటే వాడు బతికుండేవాడు."

అవ్వ తల ఊపింది, ఎవరో టైమెంతయిందో చెబితే ఊపినట్టు.

నాయన స్నేహితుడి తోట దగ్గరే కాబట్టి వాణ్ణి అక్కడికే తీసుకెళ్ళాం. చెట్టు కొట్టిన మొద్దు పక్కన గుంత తవ్వాడు ఆయన. సినిమాలో అయితే అక్కడ గాలి వీచి సర్వి చెట్లు ఊగాలి. ఏ గాలీ లేదు. కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టమని నేనే చెప్పాను. అది ఒక్కటే ఆ రోజు నేను చేసిన పనికొచ్చే పని.

అవ్వ మాతో హిందూపురం రాలేదు. పెనుకొండ నుంచే ధర్మవరం బస్సెక్కింది. తన సంచి మా ఇంట్లో ఉండిపోయిందని అక్క కాదు, నేను గుర్తు చేశాను. తర్వాత పంపియ్యి అంది. చేతిలో ఏమీ లేకుండా కిటికీ పక్కన కూర్చుంది. ఇంటికొచ్చేసరికి అమ్మ ఒక్కొక్క పోగూ చెట్టు మీంచి తీసి డబ్బాలో వేస్తోంది. సంచిలో పెట్టి పంపడానికి.

ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లు వచ్చాయి. అమ్మ ఫోన్ చేస్తుంది, అవ్వ చూద్దాంలే అంటుంది. మళ్ళీ చీరల మూటలు మాత్రమే వస్తున్నాయి. అక్క అవ్వతో మాట్లాడదు. ఆ ఫోటో ఇంకా నాయన ఫోన్‌లో ఉంది.

ఈ ఏడు నేను ధర్మవరం వెళ్ళాను. అమ్మ పండక్కి పిలవమని పంపింది. నేను ఇంకొక పని కూడా పెట్టుకొని వెళ్ళాను. అవ్వ మళ్ళీ మగ్గం గుంటలో కూర్చుంది, మోకాలికి గుడ్డ కట్టుకొని. నేను పక్కన పీట మీద కూర్చొని మొత్తం చెప్పాను. రైల్లో సాధన చేసుకున్నదంతా. ఎక్కడా జోకు వెయ్యలేదు. ఆమె ఏడిస్తే వేద్దామని ఒకటి మాత్రం దాచుకున్నాను.

ఆమె నెయ్యడం ఆపలేదు.

"నాకు తెలుసప్పా" అంది. "ఆ పండగ పొద్దున పెరడు ఊడ్చింది నేనే కదా. మూలన పోగు ముక్క దొరికె. ఒక కొస కత్తెరతో కోసిండేది. ఆ ఇంట్లో జరీకి కత్తెర పెట్టేవాడివి నువ్వు కాకుంటే ఎవురు?"

మరి ఆ రోజు డాక్టరు దగ్గర ఎందుకట్లా చెప్పావని అడిగాను.

"నేను ఎట్లా ఊరికి పోయేదాన్నే. నువ్వు ఆడ ఉండాల్సినోడివి."

నాకు తేలికగా అనిపించింది. చెప్పేశాను, ఆమెకు తెలుసు, కోపం లేదు. ఇంక లేచి పండక్కి రమ్మని పిలుద్దామనుకున్నాను. అప్పుడు అవ్వ చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"మీ అక్కకు చెప్పినావా?"

లేదన్నాను.

"తెలిసిన దానికొచ్చి చెప్తాండావు. తెలీని మనిషి ఆడ ఉండాది" అని మళ్ళీ నెయ్యడం మొదలుపెట్టింది.

జీవితమంతా నేను మందికి తీసిన గాలి, ఆమె నాకు ఒక్క మాటతో తీసింది. పండక్కి పిలవకుండానే, దాచుకున్న జోకు అట్లాగే జేబులో పెట్టుకొని రైలెక్కాను. పెనుకొండ దాటేటప్పుడు సర్వి తోట ఉన్న కొండ వైపు కాకుండా రెండో వైపు కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి చెట్టు వచ్చి ఉంది. వాకిలి కంటే ఎత్తుదే. తలకాయ నరికేశారు. అక్క దాని నడుముకు నైలాన్ తాడు చుట్టి కిటికీ ఊచలకు బిగిస్తోంది. ఇంట్లో పిల్లి లేదు. అయినా గోనెసంచి చుట్టింది, తొక్కలు కూడా పేర్చింది. నన్ను చూడకుండానే అడిగింది, అవ్వ వస్తుందా అని. ఈ మూడేళ్ళలో ఆమె నోట్లోంచి ఆ మాట రావడం అదే మొదలు.

డాక్టరు చీటీ రాసేంతసేపు నాకు మళ్ళీ దొరికింది.

"మోకాళ్ళ నొప్పంట" అన్నాను.

అక్క సరే అని తాడు ముడి ఇంకొంచెం బిగించింది. రెండో కొస పట్టుకోమంది. పట్టుకున్నాను.